విక్టర్ ఫెల్డ్‌మన్: పియానో, వైబ్స్, కాంగా... ఎక్కడ మొదలుపెట్టి వినాలి?

మూడోమెట్టు:
అమెరికన్ రాక్ బృందం స్టీలీ డాన్ రికార్డు అట్టలు తిరగేస్తుంటే ఒక పేరు పదేపదే తగులుతోంది: విక్టర్ ఫెల్డ్‌మన్. ఒక పాటలో ఎలక్ట్రిక్ పియానో, ఇంకో పాటలో వైబ్రాఫోన్ (లోహపు పలకల్ని కర్రలతో కొట్టే వాద్యం, పొట్టిగా వైబ్స్), మరోదాంట్లో ఉత్త షేకర్. ఇదే పేరు జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ రికార్డు మీద కూడా ఉంది. నా ప్రశ్నలు మూడు. అసలు ఈయన్ని పియానిస్టు అనాలా, పెర్కషనిస్టు అనాలా? ఏ వరుసలో వింటే ఆయన వాయిద్యం అర్థమవుతుంది? కీబోర్డు నేర్చుకునేవాళ్లు ఆయన దగ్గర పట్టుకోవలసినవి ఏమిటి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

పాతఅట్ట:
మొదటి ప్రశ్నకి జవాబు ఆయన చిన్నతనంలోనే ఉంది. 1934లో లండన్‌లో పుట్టాడు. మొదట పట్టుకున్నది డ్రమ్స్. అన్నలు రాబర్ట్ క్లారినెట్, మాంటీ అకార్డియన్. ముగ్గురూ కలిసి ఫెల్డ్‌మన్ ట్రయో. 1942లో ఆ కుటుంబమే 100 ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో స్వింగ్ క్లబ్ పెట్టింది. ఇప్పటి 100 క్లబ్ అదే చోటు. 1944లో, పదేళ్ల వయసులో, గ్లెన్ మిల్లర్ సైనిక బృందంతో డ్రమ్స్ వాయించాడు.

పియానో, వైబ్స్ ఆ తర్వాత వచ్చాయి. కాబట్టి ఈయన ముందు తాళగాడు, పిమ్మట స్వరగాడు. కార్డ్ (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) ఏ క్షణంలో పడాలో, ఎంతసేపు ఉండాలో ఆయనకి అంత కచ్చితంగా తెలియడానికి మూలం ఇదే అని నా అభిప్రాయం.

1955లో అమెరికా వెళ్లి వుడీ హర్మన్ బృందంలో చేరాడు. తర్వాత లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడి, హెర్మోసా బీచ్‌లోని లైట్‌హౌస్ క్లబ్‌లో వాయించాడు. 1960లో శాక్సఫోన్ వాద్యకారుడు కానన్‌బాల్ ఆడర్లీ క్వింటెట్‌లో (ఐదుగురి బృందం) పియానో. 1962లో బెన్నీ గుడ్‌మన్ సోవియట్ పర్యటనలో వైబ్స్. ఆ బృందంలో పియానోకి టెడ్డీ విల్సన్, జాన్ బంచ్ ఉన్నారు. 1963లో మైల్స్. ఆ పైన స్టూడియోలు. 1987 మే నెలలో, 53 ఏళ్లకే పోయాడు.

నల్లమీట:
వినే వరుస నేను చెబుతాను. పాప్ రికార్డులతో మొదలుపెట్టకండి. వాటిలో ఆయన తగ్గించి వాయిస్తాడు. ఏది తగ్గించాడో తెలియాలంటే ముందు నిండుగా వాయించింది వినాలి.

ముందు 1958 నాటి 'ది అరైవల్ ఆఫ్ విక్టర్ ఫెల్డ్‌మన్'. ముగ్గురే: ఫెల్డ్‌మన్, బేస్ మీద స్కాట్ లఫారో, డ్రమ్స్ మీద స్టాన్ లీవీ. బిల్ ఎవన్స్ ట్రయోలోకి వెళ్లకముందు లఫారో ఎలా ఉండేవాడో వినడానికి కూడా ఇది మంచి రికార్డు. ఇందులో పియానో, వైబ్స్ రెండూ ఫెల్డ్‌మన్‌వే కనుక ఒకే చెవితో రెండింటినీ పోల్చుకోవచ్చు.

తర్వాత 1960 అక్టోబర్‌లో రికార్డైన 'కానన్‌బాల్ ఆడర్లీ క్వింటెట్ ఎట్ ద లైట్‌హౌస్'. 'అజూల్ సెరాపే', 'ఎక్సోడస్' ఆయన రచనలు. ఆ వెంటనే 1961 నాటి 'క్వింటెట్ ప్లస్'. దీంట్లో వింటన్ కెల్లీ పియానో మీద కూర్చుంటే ఫెల్డ్‌మన్ వైబ్స్‌కి జరుగుతాడు. 'న్యూ ఢిల్లీ' అనే పాట ఫెల్డ్‌మన్ రాసిందే, వెతుక్కోండి. ఆడర్లీ బృందంలో ఆయన తర్వాత వచ్చిన పియానిస్టు జో జావినుల్.

మూడోది మైల్స్ 'సెవెన్ స్టెప్స్ టు హెవెన్'. టైటిల్ పాట ఫెల్డ్‌మన్ రచన, పియానో కూడా ఆయనదే. ఆ వేగంలో ఎడమచేయి ఎలా పడుతుందో గమనించండి.

పాతఅట్ట:
నల్లమీట గారూ, చివరి వాక్యంలో పొరపాటు ఉంది. రచన ఫెల్డ్‌మన్‌దే, మైల్స్ పేరు కూడా పక్కన ఉంటుంది. కానీ ఆ ట్రాక్ మీద పియానో హెర్బీ హాన్‌కాక్.

ఆ ఆల్బమ్ రెండు ఊళ్లలో రికార్డైంది. 1963 ఏప్రిల్‌లో హాలీవుడ్‌లో: ఫెల్డ్‌మన్, రాన్ కార్టర్, డ్రమ్స్ మీద ఫ్రాంక్ బట్లర్. మే నెలలో న్యూయార్క్‌లో: హాన్‌కాక్, కార్టర్, టోనీ విలియమ్స్, శాక్సఫోన్ మీద జార్జ్ కోల్‌మన్. ఫెల్డ్‌మన్ రాసిన వేగం పాటలు 'సెవెన్ స్టెప్స్', 'జాషువా' న్యూయార్క్ ట్రాకులుగా వచ్చాయి. ఆయన పియానో వినిపించేవి మూడే: 'బేసిన్ స్ట్రీట్ బ్లూస్', 'ఐ ఫాల్ ఇన్ లవ్ టూ ఈజిలీ', 'బేబీ వోంట్ యూ ప్లీజ్ కమ్ హోమ్'. మూడూ నెమ్మది పాటలు, శాక్సఫోన్ లేకుండా నలుగురే. హాలీవుడ్‌లోనే తీసిన 'సమ్మర్ నైట్' మాత్రం 'క్వయిట్ నైట్స్' ఆల్బమ్ చివర అతికించారు.

చాలామంది చేసే తప్పే ఇది. అట్ట మీద రచయితగా పేరు చూసి పియానో కూడా ఆయనదే అనుకుంటారు.

నల్లమీట:
నిజమే, సవరించినందుకు థాంక్స్. 'ఐ ఫాల్ ఇన్ లవ్' పేరు పెట్టాల్సింది. మైల్స్ మ్యూట్ పెట్టి ఊదిన స్వరం పడిపోయేదాకా ఆగి, ఆ ఖాళీలో రెండు మూడు స్వరాల కార్డ్ వేస్తాడు. స్టీలీ డాన్‌లో ఏళ్ల తర్వాత చేసిందీ అదే పని.

ఆఫ్‌బీట్:
అక్కడే నాకో పేచీ ఉంది. మైల్స్ తన బృందంలోకి రమ్మంటే, స్టూడియో పని వదులుకోలేక లాస్ ఏంజెలెస్‌లోనే ఉండిపోయాడు. ఆ కుర్చీలో హాన్‌కాక్ కూర్చున్నాక జరిగింది చరిత్ర. ఎంత సర్దిచెప్పుకున్నా ఇది జాజ్ పియానిస్టుగా చేజార్చుకున్న అవకాశమే కదా? షేకర్ ఊపడానికి మైల్స్‌ని కాదనుకోవడమా?

పాతఅట్ట:
హాన్‌కాక్ కుర్చీలో ఫెల్డ్‌మన్ ఉంటే ఆ బృందం అదే బృందం అయ్యేది కాదు, అది వేరే సంగతి. కానీ 'షేకర్ ఊపడానికి' అనడం అన్యాయం. స్టూడియోలోకి వెళ్లిన తర్వాత కూడా సొంత రికార్డులు ఆపలేదు. 1967లో 'ప్లేస్ ఎవ్రీథింగ్ ఇన్ సైట్', 1977లో 'ది ఆర్ట్‌ఫుల్ డాడ్జర్', 1982లో 'సీక్రెట్ ఆఫ్ ది ఆండీస్', 1983లో షోపాన్ స్వరాల మీద జాజ్. జాజ్ వదిలేసినవాడి జాబితా కాదిది.

లెడ్జర్‌లైన్:
ఆఫ్‌బీట్ గారి ప్రశ్నకి సంగీతంలో కన్నా లెక్కల్లో ఎక్కువ జవాబు ఉంది. క్లబ్ బృందంలో ఉంటే వారాల తరబడి ఊళ్లు తిరగాలి. లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో పని సంగీతకారుల సంఘం ఒప్పందం కింద నడుస్తుంది. అక్కడి శాఖ లోకల్ 47.

రికార్డింగ్ ఒప్పందంలో మామూలు సెషన్ మూడు గంటలు. ఆ మూడు గంటల్లో వాడుకోదగ్గ సంగీతం 15 నిమిషాలకి మించి తీయకూడదు. దాటితే అదనపు చెల్లింపు. లీడర్‌కి రెట్టింపు స్కేలు (సంఘం నిర్ణయించిన కనీస వేతనం). ఒకే సెషన్‌లో రెండో వాద్యం వాయిస్తే 20 శాతం అదనం, ఆ పైన ప్రతి వాద్యానికీ 15 శాతం. స్కేలు 100 అనుకుంటే, పియానోతో పాటు వైబ్స్, కాంగా కూడా వాయించినవాడికి 135. సంఘం పింఛను జమ, పెద్ద వాద్యాల రవాణా ఖర్చు వేరే లెక్క.

ఇక్కడ కొత్తవాళ్లు తికమకపడేది ఒకటి ఉంది. అన్ని వాద్యాలూ విడివిడిగా లెక్కకి రావు. గుంపులు ఉంటాయి. వైబ్స్, మారింబా, జైలోఫోన్ ఒకే గుంపు. స్టూడియో వాళ్లే చెలస్టా (గంటల్లా మోగే చిన్న కీబోర్డు) సమకూరిస్తే పియానో, చెలస్టా ఒకే గుంపు. గుంపు లోపల మారితే అదనం రాదు, గుంపు దాటితేనే వస్తుంది. ఫెల్డ్‌మన్ చేతిలో కనీసం మూడు గుంపులున్నాయి. పిలిచేవాడికీ లాభమే: ముగ్గురికి మూడు వందలు ఇవ్వకుండా ఒకడికి 135తో సరిపోతుంది. వాద్యకారుల్ని పిలిచే కాంట్రాక్టర్ ఆయన పేరు జాబితాలో పైన రాసుకోవడంలో వింతేముంది!

మూడోమెట్టు:
ఇది ఎక్కడా చదవలేదు, చాలా బాగుంది. ఇప్పుడు స్టీలీ డాన్ ఆల్బమ్ 'ఏజా' (1977) సంగతి. టైటిల్ పాటలో పియానో ఈయనదేనా? ఏ పాటలో ఏది వాయించాడో ఎవరైనా విడదీసి చెప్పగలరా?

రోడ్స్73:
టైటిల్ పాటలో పియానో మైకేల్ ఒమార్షియన్, రోడ్స్ (ఫెండర్ రోడ్స్ అనే ఎలక్ట్రిక్ పియానో) జో శాంపిల్. ఫెల్డ్‌మన్ అక్కడ పెర్కషన్ మాత్రమే. మిగతావి:

'బ్లాక్ కౌ', 'డీకన్ బ్లూస్', 'జోసీ': ఫెండర్ రోడ్స్.
'హోమ్ ఎట్ లాస్ట్', 'ఐ గాట్ ద న్యూస్': పియానో, వైబ్స్.
'పెగ్': పెర్కషన్. ఎలక్ట్రిక్ పియానో పాల్ గ్రిఫిన్.

ముందు 'బ్లాక్ కౌ'తో కూర్చోండి. అందులో రెండు కీబోర్డులున్నాయి: జో శాంపిల్ క్లావినెట్ (తీగలున్న ఎలక్ట్రిక్ కీబోర్డు), ఫెల్డ్‌మన్ రోడ్స్. క్లావినెట్ కింది స్థాయిలో పొట్టిగా, తుంచినట్టు వాయిస్తుంది. రోడ్స్ దాని పైన పొడుగ్గా నిలబడుతుంది. ఎవరూ ఎవరి దారికీ అడ్డురారు. హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి క్లావినెట్ మాత్రమే, మరోసారి రోడ్స్ మాత్రమే పట్టుకుని వినండి. తర్వాత రోడ్స్ ఎక్కడ మౌనంగా ఉందో రాసుకోండి. గాత్రం ఉన్న చోట ఆయన చేయి దాదాపు కదలదు. పాడే వాక్యం అయ్యాక కదులుతుంది.

చెవిటిమైకు:
రోడ్స్ మీద ఆ పాటలు ప్రయత్నించేవాళ్లు చాలామంది ఒకటే అడుగుతారు: 'స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఆ ధ్వని రావడం లేదు.' అసలు రోడ్స్ ఉన్నవాళ్లయితే ముందు వాద్యాన్ని చూసుకోండి, వేళ్లని తర్వాత తిట్టుకోవచ్చు.

రోడ్స్‌లో తీగలుండవు. మీట నొక్కితే నియోప్రీన్ తొడుగున్న సుత్తి సన్నని ఉక్కు పుల్లని కొడుతుంది. దాన్నే టైన్ అంటారు. దాని కొస పికప్ ఎదురుగా ఊగుతుంది. ధ్వని స్వభావం మూడు కొలతల మీద ఆధారపడుతుంది.

ఒకటి, టైన్ ఎత్తు. కొస పికప్ మధ్యకి సరిగ్గా ఎదురుగా ఉంటే, ఒక్కో ఊపుకి రెండుసార్లు పికప్‌ని దాటుతుంది కనుక పై స్థాయి (ఆక్టేవ్) స్వరం ఎక్కువై డొల్లగా వినిపిస్తుంది. మధ్య నుంచి కొద్దిగా పైకి జరిపితే అసలు స్వరం నిండుతుంది. ముందు పూర్తిగా డొల్లగా వినిపించే చోటు దొరకబుచ్చుకుని, అక్కడి నుంచి స్క్రూని కొంచెం కొంచెంగా తిప్పుతూ రండి.

రెండు, దూరం. పికప్‌కీ టైన్‌కీ మధ్య ఒకటిన్నర మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. దగ్గరైతే గట్టిగా కొట్టినప్పుడు గరుకుగా మొరుగుతుంది. మరీ దగ్గరైతే పుల్ల పికప్‌కి తగిలి టక్కుమంటుంది. దూరమైతే మెత్తగా, సన్నగా ఉంటుంది. ఫెల్డ్‌మన్ భాగాలకి మొరుగుడు పైపైన ఉంటే చాలు, మామూలు నొక్కులో గంటలా ఉండాలి.

మూడు, సుత్తి ఎక్కడ కొడుతోంది. పై రెండు స్థాయిల్లో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా స్వరం చచ్చి కొయ్య చప్పుడు మిగులుతుంది. హార్ప్ (టైన్లు, పికప్‌లు బిగించిన చట్రం) మొత్తాన్ని ముందుకీ వెనక్కీ జరిపి ఆ చోటు పట్టుకోవాలి.

శ్రుతి చివర చూడండి. టైన్ మీదున్న చిన్న స్ప్రింగ్‌ని కొస వైపు జరిపితే శ్రుతి తగ్గుతుంది, మొదలు వైపు జరిపితే పెరుగుతుంది. ఎత్తు సరిచేయక ముందు శ్రుతి చేస్తే మళ్లీ చేసుకోవాలి.

మూడోమెట్టు:
సుత్తి తొడుగులు గట్టిపడి గాడి పడితే? మార్చాలా, గాడిని గీకేయవచ్చా?

చెవిటిమైకు:
లోతు తక్కువ గాడి అయితే సన్నని ఉప్పుకాగితంతో సమం చేయవచ్చు. లోతుగా ఉంటే మార్చండి. కానీ తొడుగులన్నీ ఒకే గట్టిదనం కావు: మంద్రంలో మెత్తనివి, పైకి పోతున్నకొద్దీ గట్టివి. అన్నీ ఒకే రకం వేస్తే కింద టపటపమంటుంది, లేదా పైన పలకదు. మార్చాక సుత్తికీ టైన్‌కీ మధ్య ఎడం కొలవడం మర్చిపోవద్దు. కొత్త తొడుగు ఎత్తుగా ఉంటే సుత్తి పుల్లకే ఆని స్వరాన్ని నొక్కేస్తుంది, లేదా రెండుసార్లు తగులుతుంది.

ఇంకోటి: స్టేజ్ మోడల్‌కి లోపల ప్రీఆంప్ (సంకేతాన్ని ముందే పెంచే సర్క్యూట్) లేదు. పొడుగు కేబుల్ వేస్తే పై ధ్వనులు దారిలోనే ఆవిరైపోతాయి. పొట్టి కేబుల్, వెంటనే డీఐ పెట్టె (సంకేతాన్ని పొడుగు కేబుల్‌కి తగ్గట్టు మార్చేది). సూట్‌కేస్ మోడల్‌లో 'వైబ్రటో' అని రాసి ఉన్నది నిజానికి కుడి ఎడమల మధ్య ధ్వనిని ఊపడం. మోనోలో కలిపితే ఆ ఊపు మాయమవుతుంది. అందుకని రికార్డు చేసేటప్పుడు రెండు చానళ్లూ తీసుకోండి.

నల్లమీట:
ఇక వేళ్ల సంగతి. బేస్ వాద్యం ఉన్నప్పుడు ఆధార స్వరం మీరు వాయించనక్కర్లేదు, రోడ్స్ మీద అసలు వాయించకూడదు. మధ్య సీకి (కీబోర్డు నడుమ ఉండే సీ స్వరం) ఒక స్థాయి కింద దగ్గర దగ్గర స్వరాలు పెడితే బురద అవుతుంది, అక్కడ బేస్, గిటార్ ఇప్పటికే ఉన్నాయి.

స్టీలీ డాన్ వాళ్లు 'మ్యూ మేజర్' అని పిలిచేదాన్ని ఇలా పట్టండి. సీ మేజర్‌కి రెండో స్వరం డీ కలపాలి, కానీ పైన తొమ్మిదో స్వరంగా కాదు, మూడో స్వరం ఈకి ఆనుకుని. బేస్ సీ పట్టుకుంటే మీ చేతిలో డీ, ఈ, జీ. ఆ డీ, ఈ రాపిడిలోనే రుచంతా ఉంది. మధ్య సీకి పైన వాయించండి; ఒక స్థాయి దించితే రుచి పోయి రొద మిగులుతుంది.

ఆఫ్‌బీట్:
మైల్స్ విషయంలో నా అభిప్రాయం మారలేదు, కానీ వైబ్స్ గురించి అడగాలని ఉంది. పియానో కార్డులు యథాతథంగా వైబ్స్‌కి మారుతాయా?

నల్లమీట:
మారవు, కారణం చాలా సరళం. మామూలు వైబ్స్ మూడు స్థాయిలే: మధ్య సీకి కింది ఎఫ్ నుంచి మూడు స్థాయిల పైన ఎఫ్ దాకా, 37 పలకలు. నాలుగు కర్రలంటే నాలుగు స్వరాలే.

డీ మైనర్, జీ సెవెంత్, సీ మేజర్ వరుస తీసుకోండి. పియానిస్టు ఎడమచేత్తో మొదట నేర్చుకునే పట్టు: ఎఫ్-ఏ-సీ-ఈ, తర్వాత ఎఫ్-ఏ-బీ-ఈ, తర్వాత ఈ-జీ-బీ-డీ. మొదటి రెండూ వైబ్స్ మీద అట్టడుగున పడతాయి. మూడోదానికి కావలసిన ఈ అక్కడ లేనే లేదు! కాబట్టి రెండో పట్టు నేర్చుకోవాలి: సీ-ఈ-ఎఫ్-ఏ, బీ-ఈ-ఎఫ్-ఏ, బీ-డీ-ఈ-జీ. మొదటి మార్పులో ఒక్క స్వరం (సీ నుంచి బీకి) అరమెట్టు దిగితే చాలు, కుడి చేతి కర్రలు కదలవు. ఆ తర్వాత బీ నిలబడి, మిగతా మూడూ తలా మెట్టో అరమెట్టో దిగుతాయి. ఇదే పట్టు రోడ్స్ మీదా సరిగ్గా కూర్చుంటుంది.

చెవిటిమైకు:
వైబ్స్‌లో తప్పులు ఎక్కువగా పెడల్ దగ్గరే జరుగుతాయి. పియానో పెడల్ అలవాటుతో కార్డ్ మొత్తం మారేదాకా తొక్కి ఉంచుతారు. అల్యూమినియం పలకలు చాలాసేపు మోగుతాయి కనుక రెండు కార్డులు కలిసిపోతాయి. మారే స్వరాన్ని కర్రతోనే మెల్లగా ఆని ఆపి, మిగతావి మోగనివ్వడం నేర్చుకోవాలి. పై ఉదాహరణలో సీ ఒక్కటే ఆపి బీ కొట్టడం మంచి సాధన.

పలక మధ్యలో గానీ కొసన గానీ కొట్టండి. పలకని మోసే తాడు వెళ్లే చోట కొడితే స్వరం పలకదు. రికార్డు చేసేటప్పుడు మోటారు (పలకల కింది గొట్టాల్లో పళ్లేల్ని తిప్పేది) అక్కర్లేకపోతే ఆపేయండి, ఆ పళ్లేలన్నీ తెరిచి ఉన్న స్థితిలో. సగం మూసుకుని ఆగితే కొన్ని స్వరాలు మందంగా వస్తాయి, తప్పెక్కడుందో అరగంట వెతుకుతారు. మైకులు రెండు, పలకలకి అర మీటరు పైన.

పాతఅట్ట:
పెర్కషన్ వైపు కూడా రెండు మాటలు. 'రికీ డోంట్ లూజ్ దట్ నంబర్' (1974) మొదట్లో వినిపించే ఆ పొడి కొయ్య ధ్వని ఫ్లాపాంబా (కొయ్య పలకల తాళవాద్యం), ఫెల్డ్‌మన్‌దే. మారింబా కాదు, అంత మోగదు, మొద్దుగా ఆగిపోతుంది. సింగిల్‌గా విడుదల చేసినప్పుడు ఆ ఆరంభాన్ని కోసేశారు, ఆల్బమ్ ప్రతి వినండి. 'రేజర్ బాయ్' (1973)లో వైబ్స్ ఈయన, బేస్ రే బ్రౌన్. ఇద్దరు జాజ్ మహానుభావులు పాప్ పాటలో చడీచప్పుడు లేకుండా పని చేసుకుపోయారు.

టామ్ వెయిట్స్ 'స్వోర్డ్‌ఫిష్‌ట్రాంబోన్స్' (1983) అట్ట అయితే చదవడానికే సరదా: బేస్ మారింబా, బియ్యం పోసిన బేస్ డ్రమ్, బండి బ్రేక్ డ్రమ్, హమాండ్ ఆర్గన్... అన్నిటి పక్కనా ఒకే పేరు.

లెడ్జర్‌లైన్:
బియ్యానికి ఏ గుంపు కింద అదనం వేశారో మరి.

మూడోమెట్టు:
:) చివరగా ఒకటి. గాయని వెనక వాయించడం నేర్చుకోవడానికి ఒక్క పాట చెప్పమంటే?

రోడ్స్73:
జోనీ మిచెల్ 'అమీలియా' (1976, 'హెజీరా'). జోనీ గిటార్, లారీ కార్ల్‌టన్ గిటార్, ఫెల్డ్‌మన్ వైబ్స్. బేస్ లేదు, డ్రమ్స్ లేవు. తాళం పట్టుకోవడానికి ఏ ఆసరా లేనప్పుడు ఎంత తక్కువ వాయించవచ్చో అందులో ఉంది. గాత్రం సాహిత్యం కాగితం మీద రాసుకుని, వైబ్స్ స్వరం పడిన ప్రతి అక్షరం మీద చుక్క పెట్టండి. చుక్కలు ఎన్ని వచ్చాయో ఇక్కడ రాయండి, తర్వాత 'ఇన్ ఫ్రాన్స్ దే కిస్ ఆన్ మెయిన్ స్ట్రీట్' (1975)లో ఆయన ఎలక్ట్రిక్ పియానోకి అదే పని చేద్దాం.